పొడపత్రి, మూడో నమూనా

మొదటి నమూనా గాంధీరోడ్డు మూలికల అంగట్లో కొన్నది.
కిలో మూడొందలు. గోతం మీద ఏ అడవి పేరూ లేదు.
రెండోది నేనే కోసుకొచ్చాను
భాకరాపేట కనుమ దాటి, వాన వెలిసిన మర్నాడు,
ఆకు మీది తళుకు చూసి మోసపోయి.

మూడోది
తుపాకుల వెంగమ్మ కోసింది.
నేను పక్కన నిలబడి సంచి పట్టుకున్నాను.

"పూత రానీ పాపా. ఇప్పుడు కోస్తే ఒట్టి నీళ్ళే.
ఆకుక్కూడా ఒక వయసుంటాది గదా" అని
నెల్రోజులు తిప్పింది నన్ను.
అటవీశాఖ కాగితంలో గడువు
ఇంక నాలుగు రోజులే ఉందనగా కబురంపింది:
రా. తీగ సిద్ధంగా ఉండాది.

నీడన ఆరబెట్టాను. పొడి కొట్టాను. జల్లించాను.
సాక్స్‌లెట్ గొట్టంలో ఇరవై గ్రాములు, కింద మెథనాల్.
ఆవిరి పైకెక్కుతుంది, చల్లబడి చుక్కలుగా రాలుతుంది,
గొట్టం నిండగానే ఒక్క గుటకలో
పచ్చగా కిందికి దిగిపోతుంది.
పద్దెనిమిది గుటకలు లెక్కపెట్టాను.
పంతొమ్మిదోదానికి కరెంటు పోయింది.
చీకట్లో ఫ్లాస్కు ఇంకా మరుగుతూనే ఉంది,
దానికెవరూ చెప్పలేదేమో.

మర్నాడు పరీక్షలు.
మేయర్ ద్రావణం రెండు చుక్కలు: విరిగిన పాల మసక.
ఫెర్రిక్ క్లోరైడ్: కాటుక కలిసిన పచ్చ.
ఇవి మూడింటికీ ఇంచుమించు ఒకటే.
తర్వాత నీళ్ళు పోసి, బొటనవేలితో మూతి మూసి
మూడు ట్యూబులూ గట్టిగా ఊపాను.

అంగడి ఆకు నురుగు
బాకీ పడ్డవాడి మాటలా ఎగిరి
నేను గడియారం చూసేలోగా చచ్చింది.
నాది నాలుగు నిమిషాలు ఓపిక పట్టింది.
వెంగమ్మ ఆకు నురుగు
ఆదివారం తలంటులో కుంకుడు రసంలా
అంగుళం ఎత్తు లేచి
పది నిమిషాలు, పదిహేను,
నేను కిందికెళ్ళి టీ తాగొచ్చేదాకా
అట్లే కూచోనుంది.

ఆ టీ చప్పగా ఉందని
క్యాంటీన్ మునిరత్నంతో గొడవపడ్డాను.
మళ్ళీ చక్కెర వేశాడు. మళ్ళీ.
పళ్ళ కింద కరకరమంది, ఇసకలా,
తీపి మాత్రం లేదు.
మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది,
తూకం వేస్తూ వేస్తూ ఒక ఆకు నమిలానని.
మునిరత్నానికి క్షమాపణ బాకీ.

సారొచ్చి ట్యూబులు వెలుతురుకెత్తి చూశారు.
"మూడోది బాగుంది. ఎట్లా సేకరించావో పట్టికలో రాయి."
పట్టికలో గడులు: స్థలం, తేదీ, ఎత్తు, తేమ, దశ.
'దశ' కింద రాశాను: పుష్పించు దశ.
నెల్రోజుల తిరుగుడు, బస్సు టిక్కెట్లు,
వెంగమ్మ తీగ తుంచి వాసన చూసి
"ఊహూ, ఇంకా" అని తల తిప్పిన ఆ మూడుసార్లు,
అన్నీ కలిపి రెండు మాటలు.
మూడో మాటకు గడిలో చోటు చాల్లేదు.

ఫోన్ చేశాను.
వెనక ఒకటే రొద.
"యాడున్నావు?"
"రుయా ఆసుపత్రి క్యూలో. షుగర్ మాత్రలకు."
నాకు నోట మాట రాలేదు.
"నీకా? మరి ఆకు?"
"ఆకూ తింటా ఉండా, మాత్రా మింగతా ఉండా.
రెండిట్లో ఏది పని చేస్తాండాదో నాకేం తెలుసు పాపా?
అది కనిపెట్టేదానివి నువ్వు గదా."

ఎవరో అరవై రెండు అని కేకేశారు.
"నాది అరవై ఏడు. టైముండాది, చెప్పు" అంది.
నా దగ్గర నురుగు ఎత్తు తప్ప
చెప్పడానికి ఇంకా ఏమీ లేదు.
అదే చెప్పాను.

"అంగుళమా!" అని
క్యూ అంతా వినబడేట్టు నవ్వింది.